తాళం పగులగొట్టని దొంగలు

ఉదయం పది గంటల వేళ. క్లాంగ్ పట్టణంలోని ఒక వరుస ఇంటిలో డెబ్బయి యేండ్ల పెద్దాయన ఒంటరిగా ఉన్నారని అనుకొనవచ్చును. కొడుకు, కోడలు ఉద్యోగాలకు, మనుమలు బడికి వెళ్ళినారు. ఫోను మ్రోగినది. అవతలి గొంతు మర్యాదగా పలుకరించి, ఆయన పేరు చెప్పి, గుర్తింపు కార్డు సంఖ్యలోని 12 అంకెలను తప్పు లేకుండా చదివి వినిపించినది. 'అంకుల్, మీ పేరున వచ్చిన ఒక పార్సిలులో నిషిద్ధ వస్తువులు దొరికాయి. కేసు నమోదయింది. మీ తప్పేమీ లేకపోతే పోలీసు అధికారికే ఆ మాట చెప్పుకోండి, ఇప్పుడే లైను కలుపుతాను' అన్నది. రెండవ గొంతు గంభీరమైనది. వెనుక వైర్‌లెస్ సెట్టు చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న ధ్వని. ఫోను తెరపై కనిపించిన నంబరు నిజంగానే ఒక పోలీసు కార్యాలయానిది. 'ఇది రహస్య దర్యాప్తు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదు. పరిశీలన పూర్తయ్యేదాకా మీ సొమ్ము బ్యాంక్ నెగారా వారి భద్రతా ఖాతాలో ఉంచాలి' అని ఒక ఖాతా సంఖ్య చెప్పినది. మధ్యాహ్న భోజన విరామంలో కొడుకు ఇంటికి ఫోను చేసేసరికి, ముప్పయి యేండ్లుగా నెలనెలా జీతంలో నుండి కూడబెట్టిన ఉద్యోగుల భవిష్యనిధి సొమ్ము చేయి మారిపోయినది.

ఈ పెద్దాయన ఊహాపాత్ర. ఆ సంభాషణ మాత్రం ఊహ కాదు. మలేషియాలో 'మకావ్ స్కామ్' అనే పేరుతో స్థిరపడిన మోసం సరిగా ఈ వరుసలోనే నడుస్తుంది. బుకిత్ అమాన్‌లోని పోలీసు వాణిజ్య నేరాల విభాగం ఏండ్ల తరబడి దీని గురించి హెచ్చరిస్తూనే ఉన్నది. ఇందులో గమనింపదగినది ఒకటి ఉన్నది. ఎవరి కంప్యూటరులోనూ వైరస్ ప్రవేశించలేదు. ఏ బ్యాంకు తాళమూ పగలలేదు. ఇంటి యజమాని స్వహస్తంతో తలుపు తెరిచి, పెట్టె తీసి ఇచ్చినాడు. కంప్యూటరు భద్రత అనగానే చీకటి గదిలో కూర్చుని అంకెలతో కుస్తీ పట్టే మేధావి దొంగను ఊహించడం పరిపాటి. అటువంటివారు లేకపోలేదు. కాని సాధారణ కుటుంబానికి ఎదురయ్యే ప్రమాదాలలో అధికభాగం తాళాన్ని వదిలి, తాళంచెవి ఉన్న చేతిని ఆశ్రయించేవే.

లాహోరు నుండి మనీలా వరకు

తొలి రోజులలో ఇట్లుండేది కాదు. 1986లో లాహోరు నగరానికి చెందిన ఇద్దరు సోదరులు వ్రాసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఐ.బి.యం. తరహా కంప్యూటర్లలో వ్యాపించిన మొదటి వైరస్‌గా ప్రసిద్ధి పొందినది. తాము తయారుచేసిన సాఫ్ట్‌వేరును అనుమతి లేకుండా నకలు చేసుకొనేవారిని పట్టుకొనడానికే దానిని వ్రాసినట్లు వారు చెప్పుకొన్నారు. విచిత్రమేమంటే అందులో వారి పేర్లు, చిరునామా, టెలిఫోను నంబర్లు కూడా ఉండేవి! దొంగ తన విజిటింగ్ కార్డు వదిలి వెళ్ళిన కాలమది. అది ఫ్లాపీ నుండి ఫ్లాపీకి పాకుతూ పోయేది. కనుక దాని వేగం మనుష్యుల నడక వేగమే. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో ఒక విద్యార్థి విడిచిన 'మోరిస్ వర్మ్' ఆ పరిమితిని చెరిపివేసినది. అది ఫ్లాపీ అవసరం లేకుండా తీగెల వెంటనే ప్రయాణించి, అప్పటికి బాల్యావస్థలో ఉన్న ఇంటర్నెట్టులోని వేలాది యంత్రాలను స్తంభింపజేసినది.

మలేషియా పొరుగున మనీలాలో పుట్టిన 'ఐ లవ్ యు' వైరస్ 2000 మే 4వ తేదీన లోకాన్ని చుట్టుముట్టినది. ఇందులో సాంకేతిక ప్రజ్ఞ తక్కువ, మనస్తత్వ జ్ఞానం ఎక్కువ. ఉత్తరానికి జతపరచిన ఫైలు పేరు ప్రేమలేఖ అని ఉండేది. చివర మామూలు పాఠ్యపు ఫైలును సూచించే మూడక్షరాలు కనిపించేవి. ఆ తరువాత మరి మూడక్షరాలు ఉండేవి, అవే అది ఒక ప్రోగ్రామని తెలిపేవి. కాని విండోస్ ఆ చివరి భాగాన్ని కనిపించకుండా దాచేది. తెలిసినవారి పేరున వచ్చిన ప్రేమలేఖను తెరవకుండా ఉండగల నిగ్రహం ఎందరికి ఉంటుంది? తెరచినవెంటనే అది వారి చిరునామాల పుస్తకంలోని ప్రతివారికీ తనను తాను పంపుకొనేది. దానిని వ్రాసిన యువకునిపై కేసు నిలువలేదు. కారణం, ఆనాటికి ఫిలిప్పీన్సులో అటువంటి చర్యను నేరమని చెప్పే చట్టమే లేదు. కొద్దివారాలలోనే ఆ దేశం చట్టం చేసుకొన్నది గాని, వెనుకటి నేరానికి అది వర్తించదు గదా.

ఈ విషయంలో మలేషియా ముందుచూపును మెచ్చుకొనవలెను. మల్టీమీడియా సూపర్ కారిడార్‌ను 1996లో తలపెట్టిన ప్రభుత్వం 1997లోనే కంప్యూటరు నేరాల చట్టం తెచ్చినది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో ప్రవేశించడమే నేరం. 50,000 రింగ్గిట్ల వరకు జరిమానా, లేదా ఐదేండ్ల వరకు కారాగారం, లేదా రెండూ విధించవచ్చును. ఆ 1997 జనవరిలోనే మిమోస్ సంస్థ ఛత్రం క్రింద 'మైసెర్ట్' అనే అత్యవసర బృందం ఏర్పడినది. నేడది సైబర్ సెక్యూరిటీ మలేషియా సంస్థలో భాగం. 2024లో సైబర్ భద్రతా చట్టం కూడా తోడయినది. చట్టాలకు కొదవ లేదు. అయినను, క్లాంగ్ ఇంటిలో ఫోను ఎత్తిన పెద్దాయన ప్రక్కన ఏ చట్టమూ కూర్చొని ఉండదు.

పన్నెండు అంకెల కథ

పెద్దాయన నమ్మడానికి ప్రథమ కారణం తన గుర్తింపు కార్డు సంఖ్య అవతలివారికి తెలియడం. 'ప్రభుత్వం కాకపోతే ఆ సంఖ్య వేరెవరికి తెలుస్తుంది?' అనేది ఆయన తర్కం. 2017 అక్టోబరులో లోయాట్ డాట్ నెట్ అనే మలేషియా వార్తాస్థలం బయటపెట్టిన విషయం ఆ తర్కాన్ని పూర్తిగా తలక్రిందులు చేసినది. దేశంలోని మొబైలు ఫోను సంస్థల వినియోగదారుల వివరాలు 4 కోట్ల 62 లక్షలు బయటికి పొక్కి అమ్మకానికి వచ్చినట్లు తేలినది. ఆనాటి దేశ జనాభా సుమారు 3 కోట్ల 20 లక్షలు. ఒక్కొక్కరికి ఒకటికంటె ఎక్కువ నంబర్లు ఉండడం వలన జనసంఖ్యను మించిన వివరాలు లీకయినవి. వాటిలో పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, గుర్తింపు కార్డు సంఖ్యలు ఉన్నవి. ఆ వివరాలు 2014 ప్రాంతపువి. ఆ కాలంలో మలేషియాలో మొబైలు ఫోను వాడినవారెవరైనా సరే, తన సంఖ్య రహస్యమనే భావన విడిచిపెట్టడం మంచిది.

పైగా ఆ సంఖ్యే మాటకారి. మొదటి ఆరంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. తరువాతి రెండంకెలు పుట్టిన రాష్ట్రాన్ని లేదా దేశాన్ని తెలుపుతవి. చివరి అంకె బేసి అయితే పురుషుడు, సరి అయితే స్త్రీ. అనగా కార్డు సంఖ్య తెలిసినవానికి వయస్సు, జన్మస్థలం అడుగకుండానే తెలిసిపోయినవి. పుట్టినరోజును ఏటీఎం రహస్యసంఖ్యగా పెట్టుకొన్నవారు, పర్సులో కార్డునూ దాని ప్రక్కన దాని తాళంచెవినీ కలిపి పెట్టుకొని తిరుగుతున్నట్లే. పాస్‌పోర్టు సంఖ్య అంత మాటకారి కాకపోయినా, తాత్కాలిక ఉద్యోగాలపై ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చినవారు తమ పాస్‌పోర్టు నకలును ఎన్ని ఇండ్ల ఏజెంట్లకు, ఎన్ని దుకాణాలకు ఇచ్చినారో ఒకసారి లెక్కించి చూచుకొనవలెను. అవతలివానికి వివరాలు తెలియడం అతడు ఎవరో చెప్పే ఋజువు కాదు. అది లీకు ఎంత పెద్దదో చెప్పే ఋజువు మాత్రమే.

సీసా మీది చీటీ

రెండవ కారణం, తెరపై కనిపించిన పోలీసు నంబరు. రసాయన ప్రయోగశాలలో కొత్తగా చేరిన విద్యార్థికి నేర్పే తొలి పాఠాలలో ఒకటి ఉన్నది: సీసా మీది చీటీ వేరు, సీసాలోని ద్రవం వేరు. ఎవరో ఖాళీ అయిన ఆల్కహాలు సీసాలో ఆమ్లం పోసి పెట్టి ఉండవచ్చును. చీటీ అతికించినవాడు ఎవడో తెలియనంతవరకు దానిని నమ్మి పరీక్షనాళికలో పోయరాదు. ఫోను తెరమీది నంబరు సరిగా అటువంటి చీటీయే. ఇంటర్నెట్టు ద్వారా చేసే కాల్స్‌లో, 'నేను ఫలానా నంబరు నుండి మాట్లాడుతున్నాను' అని చెప్పేది చేసేవాని యంత్రమే. దారిలోని అనేక ఎక్స్ఛేంజీలు ఆ మాటను పరిశీలింపకుండా ముందుకు అందజేస్తవి. చీటీని వ్రాసుకొనే అధికారం దొంగ చేతిలోనే ఉన్నదన్నమాట.

పరీక్ష చాలా సులభం. ఫోను పెట్టివేసి, ఆ కార్యాలయం నంబరును బ్యాంకు కార్డు వెనుకనో, ప్రభుత్వపు అధికారిక పుటలోనో స్వయంగా వెదికి, తామే డయలు చేయవలెను. తాము డయలు చేసిన పిలుపు నిజమైన ఆ నంబరుకే వెళుతుంది. దొంగ అతికించిన చీటీకి ఆ దిశలో పని లేదు. అవతలివారు 'ఫోను పెట్టకండి' అని ఒత్తిడి చేసేది ఇందుకే. ఇక బ్యాంక్ నెగారా సంగతి: అది దేశపు కేంద్రబ్యాంకు, వ్యక్తులకు అందులో ఖాతాలుండవు. 'మీ సొమ్మును బ్యాంక్ నెగారా ఖాతాలో పెట్టండి' అన్న మాట విన్న క్షణంలోనే కథ ముగిసినట్లు తెలుసుకొనవలెను. దర్యాప్తు కోసం సొమ్మును మరొక ఖాతాకు పంపమని ఏ దేశపు పోలీసులూ ఫోనులో అడుగరు. ఆంధ్ర, తెలంగాణలలోని బంధువులు ఇదే మోసాన్ని 'డిజిటల్ అరెస్టు' అనే పేరుతో వింటున్నారు. అక్కడ గొంతుతోపాటు వీడియోలో యూనిఫారం కూడా కనిపిస్తుంది, అంతే తేడా. భారతీయ చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే తన రేడియో ప్రసంగంలో చెప్పవలసివచ్చినది.

గొంతు కూడా చీటీయే అయిన కాలం వచ్చినది. కొద్ది క్షణాల రికార్డింగు దొరికితే చాలు, ఒకరి గొంతును అనుకరించే సాఫ్ట్‌వేరులు నేడు అందుబాటులో ఉన్నవి. 'తాతయ్యా, నేను ఆస్పత్రిలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు' అనే మనుమని ఏడ్పు మనుమనిదే కానవసరం లేదు. మెల్బోర్నులోనో లండనులోనో పిల్లలు చదువుకొంటున్న కుటుంబాలకు ఇది మరింత వర్తిస్తుంది. ఇంటిల్లిపాదికి మాత్రమే తెలిసిన ఒక మాటను ముందుగా నిర్ణయించుకొనడం మంచి ఏర్పాటు. తాతగారి ఊరి చెరువు పేరో, అవ్వ పెంచిన ఆవు పేరో అయినా సరే, అది ఫేస్‌బుక్కులో ఎక్కడా వ్రాసి ఉండరాదు.

శుభలేఖకు అనుమతులెందుకు?

2022 ఏప్రిలులో స్లొవేకియా దేశపు ఈసెట్ అనే భద్రతా సంస్థ, మలేషియాలోని ఎనిమిది బ్యాంకుల ఖాతాదారులను లక్ష్యంగా చేసుకొన్న ఒక ఉపాయాన్ని వివరంగా వెల్లడించినది. ఇల్లు శుభ్రం చేసే పనివారిని చౌకగా పంపుతామని ఫేస్‌బుక్కులో ప్రకటన. నొక్కితే చక్కని పుట. పనివారిని కుదుర్చుకొనడానికి 'మా యాప్' దించుకొమ్మంటుంది. ఆ యాప్ గూగుల్ వారి ప్లే స్టోరులో ఉండదు. ఏపీకే అనే ఫైలుగా నేరుగా ఫోనులోకి వస్తుంది. రుసుము చెల్లించే సమయంలో బ్యాంకుల పేర్లు వరుసగా కనిపిస్తవి. తన బ్యాంకు ఎంచుకొని పేరు, పాస్‌వర్డ్ వ్రాయగానే 'తప్పు, మళ్ళీ ప్రయత్నించండి' అని వస్తుంది. అప్పటికే ఆ రెండూ దొంగకు చేరినవి. బ్యాంకు పంపే ఓటీపీ మాటేమిటి? యాప్ పెట్టుకొనేటప్పుడే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగి తీసుకొన్నది. ఓటీపీ వచ్చిన వెంటనే అదీ దొంగకు వెళ్ళినది. యజమానురాలు ఇల్లు తుడిచే మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది; ఖాతా మాత్రం అప్పటికే తుడిచిపెట్టబడినది.

ఈ మోసం ఎంత ప్రబలమైనదో గ్రహించడానికి ఒక సూచన చాలును. 2022 సెప్టెంబరులో బ్యాంక్ నెగారా, ఎస్ఎంఎస్ ద్వారా ఓటీపీ పంపే పద్ధతిని విడిచి మరింత భద్రమైన ధ్రువీకరణకు మారవలసిందని బ్యాంకులను ఆదేశించినది. ఒక ఖాతాదారునకు ఒకే ఫోనులో ధ్రువీకరణ, కొత్త ఫోనులో నమోదు చేసినప్పుడు కొంత వ్యవధి, మోసాలు తెలుపుకొనడానికి ప్రత్యేక టెలిఫోను లైను కూడా అందులోనివే. కొత్త ఫోను కొన్నరోజు బ్యాంకు యాప్ వెంటనే పనిచేయక విసుగు పుట్టిస్తే, ఆ కొన్ని గంటలు దొంగకు కూడా విసుగేనని గుర్తుంచుకొనవచ్చును. లింకులున్న ఎస్ఎంఎస్‌లను అడ్డుకొనమని 2023 మొదలుకొని ప్రభుత్వం ఫోను సంస్థలను దశలవారీగా ఆదేశించినది. దొంగలు వెంటనే వాట్సాప్‌కు, టెలిగ్రామ్‌కు మారినారు.

తెలుగు కుటుంబాలకు ఇంకొక రూపం దగ్గరిది. మలేషియాలోనూ భారతదేశంలోనూ పెళ్ళి ఆహ్వానపత్రిక రూపంలో ఏపీకే ఫైళ్ళు వాట్సాప్‌లో తిరిగినవి. మార్గశిరంలోనో మాఘంలోనో 'మా అమ్మాయి పెళ్ళి, తప్పక రండి' అని సందేశం వస్తే తెలియని నంబరైనా తెరవబుద్ధి అవుతుంది; చూడకపోతే బంధువులు నొచ్చుకొంటారేమోనని బెరుకు. శుభలేఖ అంచులకు పసుపు ఉండవచ్చును గాని, దానికి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఎందుకు? బొమ్మ గాని, పీడీఎఫ్ గాని అయితే ఫోను దేనినీ 'ఇన్‌స్టాల్' చేయమనదు. ఆ మాట కనిపించినచోటనే ఆగి, వెనుకకు రావలెను.

ఒకవేళ పొరపాటున పెట్టుకొన్నచో, మొదట వైఫైనీ మొబైలు డేటానూ ఆపి, వేరొక ఫోను నుండి బ్యాంకుకు చెప్పి, ఆ తరువాతనే తక్కిన పనులు. ఆ ఫోనులోనే పాస్‌వర్డ్ మార్చడం, దొంగ చూస్తుండగా కొత్త తాళం బిగించడమే అవుతుంది.

ఒక్క ఉత్తరం తెరచినందుకు

హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం కార్యాలయాలలో పనిచేసేవారు తెలుసుకొనదగినది. 2022 జనవరిలో ఆ బ్యాంకు నుండి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు అపహరింపబడినవి. పోలీసులు వెనుకకు తవ్వుకుంటూ వెళ్ళగా, కథ 2021 నవంబరులో ఉద్యోగులకు వచ్చిన 200కు పైగా నకిలీ ఈమెయిళ్ళ దగ్గర మొదలయినట్లు తేలినది. ఎవరో ఒకరు తెరచినారు. ఆ కంప్యూటరు నుండి మరొక దానికి, అక్కడి నుండి ప్రధాన వ్యవస్థకు దొంగలు రెండు నెలల పాటు తొందరపడకుండా నడిచినారు. చివరకు కొన్ని ఖాతాలలో నిల్వలను ఇష్టం వచ్చినట్లు పెంచి, దేశంలోని వందలాది ఖాతాలకు మళ్ళించి, ఏటీఎంల నుండి తీసుకొన్నారు. రక్షణ ఏర్పాట్లలో లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. 2018 మార్చిలో మలేషియా కేంద్రబ్యాంకు మీద కూడా దొంగ స్విఫ్ట్ సందేశాలతో దాడి జరిగినది. అది సకాలంలో గుర్తింపబడి, ఒక్క రింగ్గిట్టు కూడా పోలేదు.

ఉత్తరం నకిలీదా అని కనిపెట్టడానికి వ్యాకరణ దోషాలు వెదకమని పాత సలహా. కృత్రిమ మేధ వ్రాసిపెట్టే ఈ రోజులలో దొంగలు కూడా నిర్దోషంగా వ్రాస్తున్నారు. కనుక ఆ సలహా చెల్లదు. పంపినవారి పేరును గాక, పూర్తి చిరునామాను అక్షరం అక్షరం చూడవలెను. లింకు నొక్కుటకు మారుగా బ్యాంకు పేరును స్వయంగా టైపు చేసి వెళ్ళవలెను.

తిరుమలలో 'వన్నాక్రై'

2017 మే 12వ తేదీ శుక్రవారం నాడు 'వన్నాక్రై' అనే పురుగు బయలుదేరి, కొద్ది రోజులలో 150కి పైగా దేశాలకు ప్రాకినది. ఇంగ్లండులో ఆస్పత్రులు రోగులను వెనుకకు పంపవలసివచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు చిక్కుకొన్నవి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లు కొన్ని కూడా దీని వాత బడినవి. భక్తుల సేవలకు అంతరాయం కలుగలేదని అధికారులు ప్రకటించినారు. ఏడుకొండలవాని హుండీలో ముడుపు వేయడం తెలిసిన జనానికి, కంప్యూటరు తెరమీద 300 డాలర్ల ముడుపు అడిగే దయ్యం కొత్త! ఫైళ్ళన్నిటిని రహస్యలిపిలోకి మార్చివేసి, తాళంచెవి కావలెనంటే బిట్‌కాయిన్ రూపంలో సొమ్ము చెల్లించమనేది దాని పని. గడువు దాటితే మూల్యం రెట్టింపు.

ఇందులో బాధాకరమైన అంశం వేరే ఉన్నది. ఆ పురుగు దూరే రంధ్రాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరం మార్చి 14వ తేదీననే విడుదల చేసినది. రెండు నెలలు వ్యవధి ఉన్నది. 'అప్‌డేట్ చేయండి' అని తెర మూలలో కనిపించే చిన్న చీటీని 'తరువాత చూద్దాం' అని తోసివేసినవారే అధికంగా నష్టపోయినారు. 2025 మార్చిలో మలేషియా విమానాశ్రయాల సంస్థపై దాడిచేసినవారు కోటి డాలర్లు అడిగినారు. ఇచ్చేది లేదని తాను చెప్పినట్లు ప్రధానమంత్రి అన్వర్ ఇబ్రహీం బహిరంగంగా ప్రకటించినారు. ఇయ్యననగలిగే ధైర్యం నకలు ప్రతి ఉన్నవానికి సులభం. గృహస్థుకు నకలు ప్రతి అంటే, తాతముత్తాతల ఫోటోలు, పిల్లల ధ్రువపత్రాలు, ఇంటి కాగితాలు ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, ఎక్కించిన తరువాత ఆ డిస్కును కంప్యూటరు నుండి ఊడదీసి బీరువాలో పెట్టడం. తగిలించి ఉంచిన డిస్కును కూడా ఆ పురుగు వదలదు.

రుబ్బిన పిండి

పాస్‌వర్డ్ ఎంత పొడుగుండవలెనో లెక్క వేసి చూడవచ్చును. మంచి సంస్థలు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లుగా దాచుకొనవు. 'హ్యాష్' అనే గణితక్రియతో మార్చి దాచుకొంటవి. బియ్యం, మినపపప్పు ఒకే కొలతతో రుబ్బితే ఎప్పుడూ ఒకే పిండి వస్తుంది గాని, పిండిని తిరిగి గింజలుగా చేయడం ఎవరి తరమూ కాదు. హ్యాష్ సరిగా అటువంటిది. కనుక పిండిని దొంగిలించినవాడు రకరకాల గింజలు రుబ్బి చూస్తూ, ఏది సరిపోతుందోనని పోల్చవలసిందే. బలహీనమైన హ్యాష్ అయితే, పిల్లలు ఆటలాడుకొనే గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు వెయ్యి కోట్లసార్లు రుబ్బగలదు.

ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో చేయగల పాస్‌వర్డ్‌లు సుమారు 20,900 కోట్లు. ఆ వేగానికి అవి 21 సెకన్ల పని. పన్నెండు అక్షరాలైతే సుమారు 110 రోజులు. పదహారైతే లక్షా 38 వేల సంవత్సరాలు! నాలుగక్షరాలు పెంచితే రోజులు యుగాలైనవి. ఇది అక్షరాలు యాదృచ్ఛికంగా ఉన్నప్పటి లెక్క. కూతురి పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఒక ఆశ్చర్యార్థకం అయితే ఏ లెక్కా పనిచేయదు. దొంగల జాబితాలో అవి ముందు వరుసలోనే ఉంటవి. పద్యపాదాలు, సినిమాపాటల పల్లవులు కూడా అంతే. మంచిది ఏమనగా, ఏ సంబంధమూ లేని తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వరుసగా పేర్చుకొనడం. గోంగూర, నిచ్చెన, ఉంగరం, ఆదివారం, తాబేలు వంటివి. 5,000 మాటల నుండి ఐదింటిని కన్నుమూసి ఎంచితే, దొంగకు ఆ 5,000 మాటలు తెలిసినా పైవేగానికి సుమారు పదేండ్లు; ఆరు మాటలైతే 49 వేల ఏండ్లకు పైమాటే. అచ్చులో వచ్చినందున పై ఉదాహరణ ఇక పనికిరాదు.

ఎంత గొప్ప పాస్‌వర్డ్ అయినా రెండు చోట్ల వాడితే, బలహీనమైన చోట లీకయినప్పుడు రెండూ పోతవి. కనీసం ఈమెయిలుకు, బ్యాంకుకు వేర్వేరువి ఉండవలెను. ఈమెయిలు అన్నిటికంటె ముఖ్యం. 'పాస్‌వర్డ్ మరిచిపోయినాను' అన్న ప్రతిచోటా కొత్త తాళంచెవి వచ్చి పడే పెట్టె అదే. దానికి రెండవ ధ్రువీకరణ తప్పక పెట్టుకొనవలెను. ఇన్ని జ్ఞాపకముండవు గదా అంటే, పాస్‌వర్డ్‌లను దాచే నమ్మకమైన యాప్‌లున్నవి. అవి గిట్టని పెద్దలు ఒక నోటుపుస్తకంలో వ్రాసి బీరువాలో పెట్టుకొన్నా పాపం లేదు. నిపుణులు కొందరు ముక్కు విరుస్తారు గాని, రష్యాలోని దొంగ క్లాంగ్‌లోని బీరువా తెరవలేడు.

సొమ్ము పోయిన తరువాతి గంట

పోయిన సొమ్ము ఒకే ఖాతాలో నిలువ ఉండదు. మొదటి ఖాతా నుండి రెండవదానికి, అక్కడి నుండి నాలుగింటికి నిమిషాలలో చీలుతుంది. మలయ్ భాషలో ఇటువంటి అద్దె ఖాతాను 'కెల్దాయ్ అకౌన్' అంటారు. అనగా గాడిద ఖాతా. కొన్ని వందల రింగ్గిట్లకు ఆశపడి తమ ఏటీఎం కార్డును ఇతరులకు అప్పగించే విద్యార్థులు, నిరుద్యోగులు ఆ బరువు మోస్తున్నారు. ఎవరి సొమ్ము మోస్తున్నదీ వారికి తెలియదు. 2024లో శిక్షాస్మృతిని సవరించి దీనిని ప్రత్యేక నేరం చేసినారు. 'అన్నా, నీ ఖాతాలో రెండు రోజులు డబ్బు ఉంచుతాను' అనే మిత్రునికి 'కుదరదు' అని చెప్పవలసినదని ఇంట్లోని యువకులకు తెలుపడం అవసరం. ఏదైనా ఖాతాకు సొమ్ము పంపేముందు ఆ సంఖ్యపై ఫిర్యాదులున్నవా అని పోలీసుల 'సెమాక్ మ్యూల్' పుటలో చూచుకొనవచ్చును. ఫిర్యాదు లేకపోవడం మాత్రం మంచితనానికి ఋజువు కాదు.

మోసపోయినట్లు తెలిసిన క్షణంలో చేయవలసిన పనికి క్రమం ఉన్నది. మొదట తమ బ్యాంకు మోసాల లైనుకు గాని, 2022 అక్టోబరులో ఏర్పడిన జాతీయ స్కామ్ స్పందన కేంద్రం నంబరు 997కు గాని ఫోను చేయవలెను. పోలీసులు, బ్యాంక్ నెగారా, సమాచార కమిషను కలిసి నెలకొల్పిన ఆ కేంద్రం, సొమ్ము వెళ్ళిన త్రోవవెంట ఖాతాలను స్తంభింపజేయడానికి ప్రయత్నిస్తుంది. భారతదేశంలోని బంధువులకు అటువంటి నంబరు 1930. తరువాత పోలీసు రిపోర్టు. సందేశాలు, నంబర్లు, రసీదులు చెరిపివేయకుండా తెరచిత్రాలు తీసి ఉంచవలెను. ఆ తరువాత కొన్ని వారాలకు 'మీ సొమ్ము తిరిగి ఇప్పిస్తాము, ముందు రుసుము కట్టండి' అని మరొకరు ఫోను చేస్తారు. ఒకసారి మోసపోయినవారి జాబితాను కూడా దొంగలు అమ్ముకొంటారు.

గంటలు వృథా అయ్యేది నంబరు తెలియక కాదు, సిగ్గువలన. ఇంటిలో చెప్పడానికి జంకి, మంచముపై కూర్చొని రాత్రంతా గడిపి, మరునాడు మధ్యాహ్నానికి నోరు విప్పే పెద్దలు ఉన్నారు. అప్పటికి సొమ్ము దేశం దాటి ఉంటుంది. 'అంత తెలివితక్కువగా ఎట్లా ఇచ్చావు నాన్నా?' అనే ప్రశ్న ఆ పూటకు నోటిలోనే ఆపుకొనవలెను. బాగాన్ దాతుక్ కొబ్బరి తోటలలో జీవితమంతా పనిచేసి, ఇంటిలో తెలుగు, తోటలో మలయ్ తప్ప వేరొక భాష వ్రాయడం రానివారికి, బ్యాంకు లైనులో యంత్రం పలికే 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అనేదే దాటరాని గోడ. పోలీసుస్టేషనుకు వారితో ఒక మనుమడో మనుమరాలో వెళ్ళి, ఏ గంటకు ఏ ఫోను వచ్చినదో, ఎంత సొమ్ము ఏ ఖాతాకు పోయినదో వారు చెబుతుండగా దగ్గర కూర్చొని వ్రాసిపెట్టవలసి ఉంటుంది.